ఆ పొట్లం తెలివి మనకి కావాలి, ఆ మొక్క వద్దు



ఇది కొంచెం పొడుగు పోస్టు. హాస్టల్లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. చదివినాక మీ గూడెంలో, మీ తండాలో పెద్దోళ్ళకి కూడా చెప్పండి. ఎందుకంటే ఇందులో సగం విషయం మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఈ మధ్య మన తమ్ముళ్ళ ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. అమెరికాలోనో కెనడాలోనో ఒకాయన తన ఇంట్లో పెంచుకున్న గంజాయిని కోసి, నీడన ఆరబెట్టి, గాజు సీసాల్లో నింపుతాడు. ఒక్కో సీసాలో అరచేతిలో పట్టేంత పొట్లం ఒకటి వేసి మూత పెడతాడు. ఆ పొట్లం ఉంటే సరుకు బూజు పట్టదు, పొడిబారదు, వాసన పోదు, నెలల తరబడి నిలవ ఉంటుంది అని చెప్తాడు. చూసిన మనోళ్ళు "మన నల్లమల్లో అయితే ఇంకా బాగా వస్తాది కదన్నా" అని నవ్వుకుంటారు.

నవ్వుకుంటే పర్లేదు. కొందరు నిజంగానే లెక్కలు వేసుకుంటున్నారు. అందుకే మహానంది, నంద్యాల వైపు చదువుకుంటున్న మేం కొంతమందిమి కూర్చొని మాట్లాడుకొని ఇది రాస్తున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ మొక్క జోలికి పోవద్దు. కానీ ఆ పొట్లం వెనక ఉన్న తెలివిని మాత్రం వదలొద్దు. ఆ తెలివి మన కరక్కాయకి, కుంకుడుకాయకి, చింతపండుకి, జిగురుకి దక్కితే మన ఇళ్ళల్లో వచ్చే మార్పు గంజాయి తెచ్చే డబ్బు కంటే గట్టిది, దానికి జైలు భయం లేదు.

ముందు ఆ పొట్లం ఏందో చూద్దాం. అందులో మంత్రం ఏమీ లేదు. ఉప్పు జాతికి చెందిన లవణాలు కలిపిన చిక్కటి నీళ్ళు ఉంటాయి. పైన తొడుగు ఎట్లాంటిదంటే, అందులోంచి నీటి ఆవిరి అటూ ఇటూ పోతుంది, నీళ్ళు మాత్రం కారవు. సీసాలో గాలి ఎండిపోతే పొట్లం కొంచెం చెమ్మ వదుల్తుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే తనలోకి పీల్చుకుంటుంది. మందు సీసాల్లో వచ్చే సిలికా గుళికలు పీల్చుకోవడం ఒక్కటే చేస్తాయి. ఇది రెండు పనులూ చేస్తుంది. బోవెడా అనే అమెరికా కంపెనీ 1990ల చివర్లో దీన్ని మొదట సిగార్ల కోసం తయారు చేసింది. తర్వాత గిటార్ల లాంటి చెక్క వాయిద్యాలకి, ఆ తర్వాత గంజాయికి వాడకం పెరిగింది. గంజాయికి వాడే పొట్లాల మీద 58 అనో 62 అనో రాసి ఉంటుంది. అంటే సీసాలో గాలి తేమని అది అంత శాతం దగ్గర నిలబెడుతుంది. అక్కడ ఈ సంగతికి కొలమానం కూడా రాసి పెట్టుకున్నారు. ఎండు గంజాయి పువ్వులో నీటి చురుకుదనం 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని 2018లో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ప్రకటించింది. దాన్ని గాలి తేమ లెక్కలోకి మారిస్తే 55 నుంచి 65 శాతం.

మన సేద్యంలో దీనికి చక్కటి మాట ఉంది. పదును. వాన పడినాక నేల మరీ బురదగా ఉంటే విత్తనం వేయం, మరీ ఎండినా వేయం, పదునులో వేస్తాం. నేలకి ఉన్నట్టే నిలవ సరుక్కీ పదును ఉంటుంది. చెమ్మ ఎక్కువైతే బూజు. తక్కువైతే ఆకు పొడైపోతుంది, తూకం తగ్గుతుంది. ఆ పొట్లం చేసేది సరుకుని పదునులో ఉంచడమే.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ మెత్తగా మాట్లాడితే నష్టం. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2014 జనవరి 1 నుంచి గంజాయిని అంగట్లో అమ్మనిచ్చింది. కెనడా 2018 అక్టోబరు 17న దేశమంతా ఒప్పుకుంది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళు ఇంట్లో 3 మొక్కలు పెంచుకోవచ్చు. ఆ వీడియోలు ఆ దేశాలవి. మనది ఎన్‌డీపీఎస్ చట్టం ఉన్న దేశం, 1985 నుంచి. ఆ చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంటి వాడకానికి ఒక మొక్క, రెండు మొక్కలు అనే మినహాయింపు అందులో లేదు. సరుకు దొరికితే కిలో లోపు అయినా ఏడాది దాకా జైలు పడొచ్చు. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ 10 ఏళ్ళు, ఎక్కువలో 20 ఏళ్ళు. అంత సరుకు కేసులో బెయిలు రావడం కూడా చాలా కష్టం, 37వ సెక్షన్ అడ్డం పడుతుంది.

ఆ 20 కిలోల బ్యాగు ఎవరి భుజం మీద ఉంటుందో ఆలోచించండి. కొన్నవాడి భుజం మీద కాదు, అమ్మించేవాడి భుజం మీద కాదు. రెండు వేలో ఐదు వేలో ఇస్తామంటే మోసే పిల్లోడి భుజం మీద. వాడికి వకీలు ఉండడు, జామీను ఇచ్చేవాళ్ళు ఉండరు. వాడు బయటికి వచ్చేసరికి వాడి చదువు, పెళ్ళి, ఉద్యోగం వయసు అన్నీ అయిపోతాయి.

మన ఉత్తరాన విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఇది జరిగింది. బయటి వ్యాపారులు విత్తనం ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి కొండ చరియల్లో గంజాయి వేయించారు. 2021 అక్టోబరు చివర్లో ప్రభుత్వం 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టింది. వేల ఎకరాల్లో మొక్కలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి కాల్చారు. ఆ మంటల ఫొటోలు మనమందరం చూశాం. అడ్వాన్సు ఇచ్చినోళ్ళ ఇళ్ళు ఆ ఫొటోల్లో లేవు.

అదే కొండల్లో ఇంకో పంట కూడా ఉంది. కాఫీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. అదే నేల, అదే మనుషులు, అదే వాన. ఒక పంట జైలుకి దారి చూపింది, ఒకటి పారిస్ దాకా పోయింది. తేడా చట్టంలోనే లేదు, కోసినాక చేసే పనిలో కూడా ఉంది. కాఫీ పండుని ఎర్రగా పండినాకే కోసి, తోలు తీసి, కడిగి, గింజలో తేమ 11, 12 శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టడం నేర్చుకున్న ఊళ్ళకే మంచి రేటు వచ్చింది. పండుని పచ్చిగానో సగం ఎండబెట్టో షావుకారికి పోసిన ఊళ్ళు ఎప్పటి రేటుకి అప్పటి రేటే తీసుకున్నాయి.

అందుకే మేం అంటున్నాం: సరుకు ఎవరు పండించారు అన్నదాని కంటే, చెమ్మని ఎవరు కాపలా కాశారు అన్నదాన్ని బట్టే డబ్బు చేతులు మారుతుంది.

ఇప్పుడు మన నల్లమలకి వద్దాం.

మహానంది చుట్టూ అరటి తోటలు మనందరికీ తెలిసినవే. కోనేటి నీళ్ళు ఏడాది పొడుగునా పారతాయి, తోటలు పచ్చగా ఉంటాయి. కానీ అరటి రైతు బాధ చూడండి. గెల కోసినాక అది ఆగదు. ఆ రోజు రేటు ఎంతుంటే అంతకి ఇవ్వాల్సిందే. అది సరుకు స్వభావం, రైతు తప్పు కాదు. మన అడవి సరుకు అట్లాంటిది కాదు. కరక్కాయ ఆగుతుంది, తానికాయ ఆగుతుంది, కుంకుడుకాయ ఆగుతుంది, చిల్లగింజలు ఆగుతాయి, తపసి జిగురు ఆగుతుంది, చింతపండు ఆగుతుంది. ఆగే సరుకు చేతిలో పెట్టుకొని, ఆగని సరుకు లాగా అమ్ముకుంటున్నాం. ఇది మన అసలు నష్టం.

ఎందుకు అట్లా అమ్ముకుంటున్నాం? మన సరుకులో చాలా భాగం జనవరి నుంచి మే లోపల చేతికి వస్తుంది. అప్పుడు మన రాయలసీమ ఎండ మండిపోతుంటుంది. బండ మీద పరిస్తే చాలు, ఎండబెట్టడానికి పైసా ఖర్చు లేదు. విశాఖ మన్యం వాళ్ళకి లేని వరం అది. కానీ జూన్ వస్తుంది. మబ్బు పడుతుంది. గుడిసెలో గోనెసంచుల్లో ఉన్న చింతపండు నల్లబడి జిగటగా అవుతుంది. కరక్కాయకి బూజు పడుతుంది. జిగురు గడ్డకట్టి పుల్లటి వాసన ఎక్కువవుతుంది. ఈ భయంతో వాన రాకముందే అందరం ఒకేసారి అమ్ముతాం. అందరూ ఒకేసారి అమ్మితే రేటు ఏమవుతుందో లెక్కల మాస్టారు చెప్పక్కర్లేదు. మన దగ్గర కొన్న వ్యాపారి అదే చింతపండుని కోల్డ్ స్టోరేజీలో పెట్టి వానాకాలం దాటినాక తీస్తాడు. వాడు చేసిన పని ఏంది? ఐదారు నెలలు చెమ్మ తగలకుండా చూడటం, అంతే.

ఇంకో నష్టం కాటా దగ్గర. "చెమ్మ ఉంది" అని ఒక మాట అని తూకంలో కోత పెడతారు. ఎంత చెమ్మ ఉందో ఎవరూ కొలవరు. చేతితో పిసికి చూసి చెప్తారు. మనం నోరు మూసుకొని తలూపుతాం. ఈ లెక్క ప్రతి ఒక్కరికీ రావాలి, అందుకని రాస్తున్నాం. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు సరుకులో 80 కిలోలు ఎండు పదార్థం, 20 కిలోలు నీళ్ళు. అది 12 శాతం తేమకి ఎండితే దాదాపు 91 కిలోలు మిగులుతుంది. అంటే న్యాయమైన కోత 9 కిలోలు. ఎవడైనా 15 కిలోలు కోశాడంటే 6 కిలోలు చెమ్మ కాదు, మన సొమ్ము. ఇంకోవైపు కూడా చూడండి. భయపడి సరుకుని 6 శాతానికి ఎండబెట్టి తీసుకుపోతే అదే 80 కిలోల పదార్థం 85 కిలోలే తూగుతుంది. కొనేవాడి కొలమానం 12 శాతమే అయితే 6 కిలోలు మనం ఊరికే ఇచ్చినట్టు. పదును తెలియనోడికి రెండు వైపులా నష్టమే.

సరే, మరి ఆ అమెరికా పొట్లాలు కొనాలా? అక్కర్లేదు. ఒక్కో పొట్లం కొని క్వింటాళ్ళ సరుకులో వేస్తే మన సరుకు కంటే పొట్లాల ఖర్చే ఎక్కువవుతుంది. అవి తక్కువ సరుకు, ఎక్కువ ధర ఉన్నవాళ్ళకి. పైగా పొట్లం పచ్చి సరుకుని ఎండబెట్టదు. ఎండిన సరుకుని ఎండినట్టు ఉంచుతుంది, అంతే. మనం తీసుకోవాల్సింది దాని వెనక ఉన్న అంకె.

ఆ అంకె మన వంటింట్లోనే ఉంది. వానాకాలం ఉప్పు జాడీలో ఉప్పు చెమర్చడం అందరూ చూసిందే. శుభ్రమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడే నీళ్ళూరుతుంది. రాళ్ళుప్పులో వేరే లవణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇంకొంచెం ముందే చెమరుస్తుంది. బూజుకి కూడా ఇంచుమించు అదే కాలం. సరుకు చుట్టూ గాలి తేమ 65 శాతం లోపు ఉంటే బూజు దాదాపు పట్టదు. 70 దాటితే మొదలవుతుంది. 75 దాటిందంటే దానికి పండగే. కాబట్టి ఉప్పు జాడీ చెమర్చిందంటే "అటక మీది మూటలు చూడండి" అని కబురు వచ్చినట్టే. మన అవ్వలు ఉప్పు చూసి విత్తనాల మూట విప్పేవాళ్ళు. వాళ్ళకి శాతాలు తెలియవు గానీ సంగతి తెలుసు.

ఇప్పుడు చేతిలో పట్టే తేమ మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. గాలిలో తేమ చూపిస్తాయి. ఒక గూడేనికి ఒకటి చాలు. కానీ చవక మీటరు అబద్ధం చెప్పొచ్చు. దాన్ని ముందు పరీక్ష చేయాలి. ఒక సీసా మూతలో రెండు చెంచాల మెత్తటి ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి తడి ఇసుక లాగా చేయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతని, మీటరుని కలిపి గాలి పోని డబ్బాలో పెట్టి నీడన ఎనిమిది పది గంటలు వదిలేయండి. మీటరు 75 చూపించాలి. 71 చూపిస్తే అది 4 తక్కువ చెప్తుందని దాని వెనక రాసి పెట్టుకోండి. అంతే. ఇంటర్లో రసాయన శాస్త్రం చదివే మన చెల్లెళ్ళు ఎవరైనా ఇది చేసి చూపించగలరు.

తర్వాత సరుకు పరీక్ష. ఎండిన కరక్కాయో, కుంకుడు తొక్కో, వేరుశెనగ కాయో ఒక గాజు సీసాలో ముప్పావు దాకా నింపి, పైన మీటరు పెట్టి, గట్టిగా మూత బిగించి ఒక రోజు నీడన ఉంచండి. 65 లోపు చూపిస్తే నిలవ పెట్టొచ్చు. 65, 70 మధ్య ఉంటే ఇంకో ఎండ కావాలి. 70 పైన ఉంటే ఆ రోజే పరచాలి. వేరుశెనగకి ఇది మరీ ముఖ్యం. చెమ్మలో పట్టే ఒక బూజు దాంట్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఇది రేటు సంగతి కాదు, మన పిల్లలు తినే తిండి సంగతి.

పరీక్ష పాసైన సరుకుని గోనెసంచిలో పెడితే మళ్ళీ మొదటికే వస్తాం. గోనె గాలి పీలుస్తుంది. గాలి పోని ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనో, లోపల పొర ఉన్న గట్టి సంచుల్లోనో పెట్టాలి. డ్రమ్ము అడుగున గుడ్డలో కట్టిన వేయించిన బియ్యమో, ఎండు బొగ్గో వేస్తే మిగిలిన కాస్త చెమ్మ లాగుతుంది. తడి ఉప్పు మాత్రం డ్రమ్ములో పెట్టొద్దు, అది తేమని 75 దగ్గరికి తీసుకుపోతుంది. అది మీటరు పరీక్షకి మాత్రమే. తేనెకి ఈ పద్ధతి వేరు. తేనె పట్టులో ఈగలు మైనం మూత వేసిన గళ్ళలోదే పక్వమైంది. మూత వేయని గళ్ళ తేనె పిండితే నీళ్ళెక్కువై పులుస్తుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీళ్ళు 20 శాతం దాటకూడదు. పిండినాక తెరిచి ఉంచినా గాలిలో తేమని తాగుతుంది. వడగట్టి వెంటనే మూత బిగించాలి.

ఇదంతా తెల్లదొరల తెలివి అని కొందరు అనొచ్చు. మేం ఒప్పుకోం. మన సీమలో జొన్నల్ని పాతర్లలో దాచేవాళ్ళు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేసేవాళ్ళు. లోపల గాలి అయిపోతే పురుగు బతకదు. పాతర తీసిన రోజు వెంటనే లోపలికి దిగొద్దు, చెడు గాలి ఉంటుంది, దీపం పెట్టి చూడండి అని పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు. గాలి పోని సంచి అంటే ఆ పాతరకి కొత్త రూపమే. పొయ్యి పైన అటక మీద మొక్కజొన్న కంకులు, విత్తనాలు వేలాడదీసి పొగ పట్టించడం మన గూడేల్లో ఇప్పటికీ ఉంది. వేడి చెమ్మని తీస్తుంది, పొగ పురుగుని ఆపుతుంది. మనకి తెలియంది పద్ధతి కాదు, అంకె. కాటా దగ్గర వాదించాలంటే అంకె కావాలి. "మా అవ్వ చెప్పింది" అంటే వాళ్ళు వినరు, "మీటరు 62 చూపిస్తోంది, నువ్వు కూడా పెట్టి చూడు" అంటే వినక తప్పదు.

ఇప్పుడు మాకు ఎదురైన మూడు మాటలకి జవాబు.

మొదటిది: "గంజాయిని ఇక్కడ కూడా చట్టబద్ధం చేస్తే ఆదివాసులే బాగుపడతారు కదా?" ఈ మాట మాట్లాడటం నేరం కాదు, చర్చ జరగనీ. మన దేశంలోనే ఉత్తరాఖండ్ మత్తు దాదాపు లేని రకం, అంటే నార కోసం పెంచే రకం, లైసెన్సు మీద ఒప్పుకుంది. శివక్షేత్రాల్లో సాధువుల చిలుం కూడా కొత్త కాదు. కానీ రేపు చట్టం మారినా ఎవరు బాగుపడతారో ఆలోచించండి. లైసెన్సు ఫీజు కట్టగలిగినవాడు, ఏసీ గదిలో ఆరబెట్టగలిగినవాడు, 62 దగ్గర నిలబెట్టి సీసాలో ముద్ర వేసి అమ్మగలిగినవాడు. మనం పచ్చి మొక్క కోసిచ్చే కూలీలమే అవుతాం. కరక్కాయ దగ్గర ఏ చోట ఆగిపోయామో అక్కడే ఆగిపోతాం. చెమ్మ లెక్క రాకుండా ఏ పంట మార్చినా మన చోటు మారదు.

రెండోది: "ప్రభుత్వం ఉంది కదా, చూసుకుంటుంది." ప్రభుత్వం దగ్గర పథకాలు ఉన్న మాట నిజమే. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సేకరణ, వాడకం, అమ్మకం హక్కు మనది. జీసీసీ 1956 నుంచి ఉంది. 2013-14 నుంచి అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర పథకం ఉంది. 2018 ఏప్రిల్ 14న వన్ ధన్ పథకం మొదలైంది, 300 మంది సేకర్తలకి ఒక కేంద్రం, కేంద్రానికి 15 లక్షల దాకా. 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ మొదలైంది, చెంచుల లాంటి 75 ఆదిమ తెగల కోసం. ఇన్ని ఉన్నా, మన సరుకు తేమ ఎంతో కొలిచి రసీదు మీద రాసే అలవాటు ఒక్కటి లేకపోతే పైన ఉన్న హక్కు కాటా దాకా వచ్చి ఆగిపోతుంది.

మూడోది అన్నిటికంటే గట్టిది: "నవంబరు దాకా ఆగితే ఇంట్లో బియ్యం ఎట్లా? అప్పు ఎవడు ఆగనిస్తాడు?" నిజం. ఆకలితో ఉన్న ఇంటికి నిలవ పాఠం చెప్పకూడదు. అందుకే మేం అంతా ఆపమనడం లేదు. పది మూటల్లో ఒక మూట. గూడెంలో ఇరవై ఇళ్ళు ఒక్కో మూట ఆపితే ఇరవై మూటలు. అవి ఒక చోట, డ్రమ్ముల్లో, ఒక మీటరు, ఒక నోటు పుస్తకం. మిగతా తొమ్మిది మూటలు ఎప్పటిలాగే అమ్ముకోండి. ఒక ఏడాది తేడా చూసినాక రెండో మూట ఆపాలా వద్దా అన్నది ఆ ఇంటోళ్ళే చెప్తారు. ఇక పెద్ద దారి ఒకటుంది. గుర్తింపు ఉన్న గోదాములో ధాన్యం పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకునే పద్ధతికి 2007 చట్టం ఉంది. మైదానం రైతులు దాన్ని వాడుకుంటున్నారు. మన కరక్కాయకి, చింతపండుకి, జిగురుకి ఆ వసతి గూడెం దగ్గరికి రావాలి. అప్పుడే షావుకారి అప్పు మన మెడ వదుల్తుంది.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగే. ఒకటి, అటవీ సరుకు కొనే ప్రతి చోట, అది ప్రభుత్వానిది అయినా ప్రైవేటుది అయినా, తేమ మీటరు ఉండాలి. ఏ సరుకుకి ఎంత తేమ దాకా కోత లేదో తెలుగులో బోర్డు పెట్టాలి. రెండు, కోత పెడితే రసీదు మీద తేమ శాతం రాయాలి. రాయని కోత చెల్లదు. మూడు, ప్రతి వన్ ధన్ కేంద్రానికి ఆరబెట్టే కళ్ళం, గాలి పోని డ్రమ్ములు, ఒక మీటరు ఇవ్వాలి. యంత్రాలు తర్వాత, ముందు ఇవి. నాలుగు, మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది, నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఏటా వేసవిలో మన యువతకి రెండు రోజులు సరుకు ఆరబెట్టడం, కొలవడం, నిలవ చేయడం మీద శిక్షణ ఇవ్వమని శ్రీశైలం ఐటీడీఏ వాళ్ళని అడగాలి. ఇవి కోట్ల పనులు కావు. అడిగినప్పుడు "నిధుల్లేవు" అనడానికి కూడా వీల్లేనంత చిన్నవి.

అడిగేలోగా మనం చేయగలిగింది మనం చేద్దాం. ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు ముందుకు రండి. చందా వేసుకొని ఒక మీటరు కొనండి. ఉప్పు పరీక్ష చేయండి. సెలవులకి ఇంటికి పోయేటప్పుడు దాన్ని తీసుకుపోయి మీ గూడెంలో ఉన్న ప్రతి సరుకు తేమ కొలిచి, తేదీ వేసి రాసుకురండి. పది గూడేల నోటు పుస్తకాలు ఒక చోట పెడితే, ఐటీడీఏ ఆఫీసులో మన చేతిలో ఉండేది వినతిపత్రం కాదు, లెక్క. లెక్క ఉన్నోళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి పంపడం కష్టం.

చివరగా తమ్ముళ్ళకి ఒక మాట. ఎవడైనా వచ్చి "ఒక బ్యాగు నంద్యాల స్టేషన్ దాకా తీసుకురా, చాలు" అంటే, వాడి చేతిలో డబ్బు చూడొద్దు, ఎన్‌డీపీఎస్ చట్టంలో 10 ఏళ్ళు అన్న అంకె చూడండి. ఎవరైనా ఇరుక్కుంటున్నారని తెలిస్తే దాచొద్దు, 1972 నంబరుకి చెప్పండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళ ఇళ్ళని వెలివేయొద్దు. ఆ ఇంటి ఆడోళ్ళకి వకీలు దగ్గరికి తోడు పోండి, పేదలకి ఉచిత న్యాయ సహాయం జిల్లా కోర్టులో అడగొచ్చు. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది.

ఆ గంజాయి సీసాలో ఉన్న పొట్లం తన యజమాని సరుకు విలువని కాపాడుతుంది. మన సరుక్కి కాపలా కాయాల్సింది మనమే. ఈసారి ఎండలు పోకముందే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.